28 రోజుల్లో 8 వారాలు

8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017లో కేంద్రం రూల్స్ పెట్టింది. పెట్టినవాళ్లకు లెక్కలు రావని నా గట్టి నమ్మకం. 8 వారాలంటే 56 రోజులనుకున్నారు పాపం. హన్మకొండలో నాకు లాబ్రడార్ పిల్లనమ్మిన తమ్ముడికి అంత టైం పట్టలేదు. అట్టపెట్టె తెరిచి "రెండు నెలలు నిండినయ్ అన్నా, మంచిగ తింటది" అన్నాడు. తినే ఆ జీవి రెండడుగులు వేసి పక్కకు ఒరిగింది. డాక్టర్ నోరు తెరిచి చూస్తే పళ్లు నూకగింజల్లా అప్పుడప్పుడే పొడుచుకొస్తున్నాయి, నెల కూడా నిండలేదన్నాడు. ఇంటికొచ్చి కూర్చుని లెక్కేశాను. 28 పగళ్లు, 28 రాత్రులు, కలిపితే 56. తమ్ముడి తప్పేం లేదు.

అయినా అతని కష్టం ఎవరు చూస్తారు? నాలుగు వారాల పిల్ల బొమ్మలా ఉంటుంది, ఇంట్లో చిన్నోళ్లు ఏడ్చి మరీ కొనిపిస్తారు. ఇంకో నెల ఉంచుకుంటే ఏడెనిమిది పిల్లలు గిన్నెలు ఖాళీ చేస్తాయి, నట్టల మందు పోయాలి, టీకా వేయించాలి, పైగా కాళ్లు పొడుగై ముద్దు తగ్గుతుంది.

తల్లి దగ్గరుండి అవి చేసేదైనా ఏముంది, ఒకదాని చెవి ఒకటి కొరుక్కోవడం తప్ప! గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది, అట్లా ఎంతవరకు కొరకొచ్చో తెలిసొస్తుందట. ఆ ట్యూషన్ ఇప్పుడు మా ఇంట్లోనే నడుస్తోంది, నా బొటనవేలి మీద.

ఇక శిక్షలంటారా, జంతువుల మీద క్రూరత్వానికి 1960 చట్టం ప్రకారం మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చౌరస్తాలో ఇద్దరం మిర్చి బజ్జీలు తిని చాయ్ తాగితే అంతకన్నా ఎక్కువే అవుతుంది కానీ, వేలల్లో అమ్ముకునే పేదవాడికి ఇది పెద్ద మొత్తం కాబట్టి వాయిదాల్లో కట్టే వీలు కల్పించాలని ప్రభుత్వానికి నా మనవి.

రాత్రి రెండింటికి అది లేచి నా లుంగీ అంచు నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది, పాలు రావు, ఏడుస్తుంది. మా అమ్మ కూడా లేచి కూర్చుని "దీన్ని కన్నది యాడుందిరా" అంటుంది. నిన్న తమ్ముడికి ఫోన్ చేసి అదే అడిగాను.

"తల్లి మంచిగనే ఉందన్నా. వచ్చే ఈతకు ఇప్పుడే అడ్వాన్స్ కొడితే రెండు వేలు తగ్గిస్త."