కుళాయి ఎక్కడుందో చూపించు బాబాయ్

పొద్దున్నుంచి ఈ మెసేజ్ రావడం ఇది నాలుగోసారి. "సింధు కుళాయి కట్టేశాం, నెల తిరక్కుండా పాకిస్తాన్ గొంతెండిపోతుంది, ఒక్క తూటా పేల్చకుండా గెలిచాం, మిగిలిన నీళ్లు రాయలసీమకి" అని మా బాబాయ్ పంపాడు, వెనకే ఇద్దరు క్లాస్‌మేట్లు. కింద ఫొటో చూస్తే శ్రీశైలం. అదీ గేట్లు ఎత్తినప్పటిది!

రాయలసీమ సంగతా? కృష్ణ నీళ్లు అక్కడికి ఎక్కించడానికే ఇన్నేళ్లుగా తంటాలు పడుతున్నాం. సింధులో కలిసే చీనాబ్ సంగతి తర్వాత చూద్దాం.

అదే మెసేజ్‌లో ఇంకోటి: "1960లో నెహ్రూ 80 శాతం ఊరికే రాసిచ్చేశాడు." సింధు జలాల ఒప్పందంలో మన వాటా తక్కువంటే వింటాను. ఊరికే ఏం కాదు, రావి, బియాస్, సట్లెజ్ పూర్తిగా మనకొచ్చాయి, రాజస్థాన్ ఎడారిలో పారుతున్న కాలువ ఆ నీళ్లదే.

ఇక ఆ కుళాయి. పాకిస్తాన్ వాటాకి వెళ్లిన సింధు, జీలం, చీనాబ్ కలిపి ఏడాదికి సుమారు 135 మిలియన్ ఎకరపు అడుగులు, మన లెక్కలో 5,800 టీఎంసీల పైమాట. చీనాబ్ మీద మన బగ్లిహార్ డ్యాం అంచుదాకా నింపినా ఇరవై టీఎంసీలు పట్టదు, మన శ్రీశైలం ఒక్కటే 215. బగ్లిహార్ కరెంటు కోసం కట్టింది, వచ్చిన నీళ్లు టర్బైన్ తిప్పి కిందికి పోవాల్సిందే. మంచు కరిగి, పైన వానలు పడి నది పొంగాక గేట్లు దించుకుని కూర్చుంటే ఆ నీళ్లన్నీ ఎక్కడ పెడతారు, మీ ఇంటి సంపులోనా? పహల్గాం ఉగ్రదాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో ఒప్పందాన్ని పక్కన పెట్టిన మాట నిజమే, ఆ ఆగస్టులోనే జమ్మూలో తావి నది పొంగితే వాళ్లకి వరద కబురు పంపిందీ మనమే.

అలాగని ఏమీ చేయలేమని కాదు. విత్తనాలు వేసే రోజుల్లో నాలుగు రోజులు బిగబట్టి ఒక్కసారి వదిలితే కింద దెబ్బ గట్టిగానే తగులుతుంది. కానీ ఎవరికి? తుపాకీ పట్టినవాడికి కాదు, దుక్కి దున్నుకుని కాలువ వైపు చూసేవాడికి. దాన్ని గెలుపంటారా? 2023 నవంబర్‌లో సాగర్ డ్యాం మధ్యలో కంచె వేసి రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడితేనే మనకి అంత టెన్షన్ వచ్చింది, అక్కడ రెండు పక్కలా అణుబాంబులున్నాయి. పైగా సింధు, సట్లెజ్ రెండూ టిబెట్ నుంచే దిగుతాయి, ఈ కుళాయి తెలివి చైనా వాడికీ వస్తే?

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. మన వాటా మనమే వాడుకోలేదని ఆ మెసేజ్‌లో ఒక ముక్క ఉంది, అది నిజం. రావి మీద షాపూర్ కండి డ్యాంకి 1995లో మన పీవీ శంకుస్థాపన చేస్తే, జలాశయంలో నీళ్లు నిలబెట్టేసరికి 2024 వచ్చింది. మధ్యలో ఆపింది పాకిస్తాన్ కాదు, పంజాబ్‌కీ జమ్మూకశ్మీర్‌కీ మధ్య గొడవ. అది పంపు బాబాయ్ పదిమందికీ, ఈసారి ఫొటో చూసుకుని.