‘మీరు కోరిన వారికి గానీ’: తక్కువ డబ్బుతో భూమి వ్యాపారం నడిచేది ఈ ఒక్క మాట మీదే

గోదావరి జిల్లాల్లో పొలానికో తోటకో రాసుకున్న అగ్రిమెంటు ఏది తీసి చూసినా, చివరి పేరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ‘గడువులోగా మిగతా సొమ్ము ముట్టిన వెంటనే మీకు గానీ, మీరు కోరిన వారికి గానీ రిజిస్టర్డు క్రయ దస్తావేజు రాసి ఇవ్వగలవారము.’ అమ్మే రైతు ఈ మాటను పెద్దగా పట్టించుకోడు. కానీ చేతిలో లక్ష రూపాయలతో రియల్ ఎస్టేట్‌లోకి దిగాలనుకునే కుర్రాడికి అసలు పెట్టుబడి ఆ లక్ష కాదు, ఈ మాట.

అమెరికాలో దీన్నే హోల్‌సేలింగ్ అంటారు. అమ్మేవాడితో ఒక ధరకు ఒప్పందం రాసుకుని, గడువు లోపల ఎక్కువ ధర ఇచ్చే మనిషిని వెతికి, ఆ ఒప్పందాన్ని అతనికి బదలాయించి తేడా తీసుకోవడం. ఇల్లు తన పేరు మీదకు ఎక్కదు, బ్యాంకు లోను అవసరం లేదు. ఫోన్లలో వీడియోలు చూసి మన కుర్రాళ్లు కొత్త విద్య అనుకుంటున్నారు గానీ, రావులపాలెంలో, భీమవరంలో, పాలకొల్లులో మధ్యవర్తులు ఎప్పటినుంచో చేస్తున్నది ఇదే. మనం ‘అగ్రిమెంటు మీద అమ్మేశాడు’ అంటాం.

లెక్క సులువు. 50 సెంట్ల తోట సెంటు 60 వేలకు మాట్లాడుకుంటే 30 లక్షలు. లక్ష బజానా (అడ్వాన్సు) ఇచ్చి మూడు నెలల గడువు రాయించుకుంటారు. ఈలోగా 68 వేలకు కొనేవాడు దొరికితే 34 లక్షలు. లక్ష పెట్టినవాడికి నాలుగు లక్షలు మిగులుతాయి. వీడియోలు ఇక్కడితో ఆగిపోతాయి.

మా చిన్నాన్న కొడుకు మొదటి బేరం కోనసీమలో సరిగ్గా ఇలాగే చేశాడు. తోట యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. హైదరాబాద్ నుంచి కొనే మనిషి రెండో నెలలోనే దొరికాడు. కానీ పెద్దాయనకు ఇద్దరు కూతుళ్లు, తోట పిత్రార్జితం కాబట్టి వాళ్ల సంతకాలూ కావాలి. చిన్నమ్మాయి సంతకం పెట్టడానికి రాలేకపోయింది, గడువు దాటిపోయింది. అగ్రిమెంటు ప్రకారం పెద్దాయన మొండికేస్తే లక్ష పోయేదే. ఆయన మాత్రం ‘పర్లేదు బాబూ, అమ్మాయి వచ్చాకే చూసుకుందాం’ అన్నాడు. అలా ఇంకో నెల గడిచింది.

రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో అందరూ బెంచీ మీద కూర్చున్నారు. వేలిముద్రలకు ఇంకా పిలవలేదు. కొన్న ఆయన మాటల మధ్యలో ‘సెంటు అరవై ఎనిమిదంటే కొంచెం ఎక్కువే అయినా, తోట బాగుంది’ అన్నాడు. పెద్దాయన మావాడి వైపు తిరిగి, ‘అరవై అన్నావు కదా బాబూ?’ అని అడిగాడు. మావాడి దగ్గర సమాధానం లేదు. పెద్దాయన ఇంకో మాట అనలేదు. మాటిచ్చాను కాబట్టి అంటూ సంతకం పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆ బేరంలో మావాడు పెట్టిన డబ్బు లక్షే. మిగతా పెట్టుబడి అంతా పెద్దాయనది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు, ఆయన ఓపిక పట్టాడు, తోట ఆయనది. తేడా తీసుకోవడం తప్పని నేను అనను. కొనేవాణ్ని వెతకడం పనే, తిరుగుడు పనే, టెన్షన్ పడటమూ పనే. ఆ పనికి కూలి ఉండాలి. కానీ ఆ కూలి ఎంతో అమ్మే మనిషికి తెలియకుండా దాచడం నాకు తప్పుగానే తోస్తుంది. అమెరికాలోనూ ఈ గొడవ వచ్చింది. ఇలినాయి రాష్ట్రం 2019లో చట్టం మార్చి, ఏడాదిలో ఒకటికి మించి ఇలాంటి ఒప్పందాలు అమ్ముకునేవారు బ్రోకరు లైసెన్సు తీసుకోవాల్సిందేనని చెప్పింది.

న్యాయం సంగతి పక్కనపెట్టి, చట్టం వైపు నుంచి చూసినా కుర్రాడి కాళ్ల కింద నేల గట్టిది కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు వల్ల భూమి మీద ఏ హక్కూ రాదు. రాసిచ్చినవాడు ఎదురు తిరిగితే కోర్టుకు వెళ్లాలి, దానికి మూడేళ్ల కాలపరిమితి ఉంది. వెళ్తే కోర్టు మొదట అడిగేది, మిగతా సొమ్ము కట్టడానికి నువ్వు సిద్ధంగా ఉన్నావా అని. లక్షతో దిగినవాడు మిగతా 29 లక్షలు ఎక్కడినుంచి చూపిస్తాడు? అంటే అవసరం పడిన రోజునే ఆ కాగితం పనికిరాకుండా పోతుంది. పైగా మన రాష్ట్రంలో అమ్మకం అగ్రిమెంటును కూడా రిజిస్టర్ చేయించాలని 1999 నుంచి నిబంధన ఉంది. ఖర్చుకు వెనకాడి చాలామంది స్టాంపు కాగితం మీద సంతకాలతో సరిపెడుతున్నారు. అగ్రిమెంటుకు బదులు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుంటే చాలనుకునేవాళ్లూ ఉన్నారు. జీపీఏతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

బజానా విషయంలో ఇంకో జాగ్రత్త. భూమి అడ్వాన్సు 20 వేలు, ఆపైన అయితే నగదుగా తీసుకోకూడదు. తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఆ తీసుకునేవాడు మన రైతే. అందుకే చెక్కో, బ్యాంకు బదిలీయో ఇచ్చి అతన్ని కాపాడాల్సింది మధ్యవర్తే.

డెల్టా భూమికి సొంత చిక్కులు ఉన్నాయి. ఆడపిల్లల వాటా అన్నిటికన్నా పెద్దది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986 చట్టంతో పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో హక్కు ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవారికీ ఇచ్చింది. అయినా ‘కట్నం ఇచ్చేశాం కదండీ’ అనే మాట నేటికీ వినిపిస్తుంది. కొల్లేరు వైపు వెళ్తే చెరువు కనబడుతుంది, దాని కింద భూమి అభయారణ్యంలో ఉందో లేదో కనబడదు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకాన్ని కట్టడి చేసే 1977 చట్టం ఉంది, సర్వే నంబరు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) ఉందేమో చూడకుండా బజానా ఇస్తే అంతే సంగతులు. కౌలుదారు ఉన్నాడా, పంట బోదె (పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువ) ఎవరి గట్టు మీదుగా వస్తోంది, కొబ్బరి తోటైతే వచ్చే దింపు (కాయల కోత) ఎవరిది? ఇవేవీ అగ్రిమెంటులో రాయకపోతే రిజిస్ట్రేషన్ రోజు తగువే.

తక్కువ డబ్బుతో మొదలుపెట్టే కుర్రాడికి దారి ఇక్కడే ఉందని నా నమ్మకం. 30 ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయడం, 1బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు సరిచూడడం, వారసులందరి పేర్లూ రాసుకుని ఒక్కొక్కరితో మాట్లాడడం, సర్వేయరుతో హద్దులు కొలిపించడం. వీటికి లక్షలు అక్కర్లేదు, కాళ్లూ ఓపికా కావాలి. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉండి ఊళ్లో పొలం ఉన్నవాళ్లకు ఈ పని చేసిపెట్టే నమ్మకమైన మనిషి దొరకడం కష్టంగానే ఉంది. అదే 34 లక్షల బేరంలో రెండు వైపులా ఒక్కో శాతం బహిరంగంగా తీసుకున్నా 68 వేలు వస్తాయి. నాలుగు లక్షల ముందు అది చిన్నదే. కానీ బజానా పోతుందన్న భయం లేదు, అదే ఇంటికి రెండో బేరానికి మళ్లీ వెళ్లవచ్చు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) కింద నమోదైన లేఅవుట్లలో ప్లాట్లు అమ్మిపెట్టాలనుకుంటే మాత్రం ముందు అక్కడ ఏజెంటుగా నమోదు కావాలి.

మావాడు ఇప్పటికీ అప్పుడప్పుడు అగ్రిమెంటు మీద బేరం చేస్తూనే ఉన్నాడు. అయితే ‘మీరు కోరిన వారికి గానీ’ అన్న వాక్యం కింద ఇంకొకటి రాయిస్తున్నాడు: ‘కొనువారు ఇచ్చు ధరయు, అందులో మధ్యవర్తికి ముట్టు సొమ్మును అమ్మువారికి ముందుగా తెలియపరచవలెను.’ మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు దస్తావేజు లేఖరి టైపు చేస్తున్నవాడల్లా ఆగి, ‘ఇది కూడా పెట్టాలా అండీ?’ అని అడిగాడట. పెట్టమన్నాడు.