మా హాల్లోని గాజు చెరువు గారికి

నాలుగడుగుల ట్యాంకు గారూ,

చెరువుల్లో ఇళ్లు కట్టుకున్న ఊళ్లో, ఇంట్లో చెరువు కట్టుకున్న తెలివైనవాణ్ణి రాస్తున్నాను. ఉప్పల్లో అద్దె ఇల్లు, రెండో అంతస్తు, మీలో పట్టే నీళ్లే 250 లీటర్లు, రాళ్ల బరువు వేరే. ఓనర్ అంకుల్ మెట్ల మీద కనిపించినప్పుడల్లా "స్లాబు ఆగుతదా బాబూ?" అనడం, నేను "ఆగుతది అంకుల్" అని నవ్వడం, మూడేళ్లుగా ఇదే వరస.

మీలో ఉండాల్సింది రెండు గోల్డ్‌ఫిష్‌లు. షాపు అన్న మాటలు విని ఆఫ్రికన్ సిక్లిడ్‌లు తెచ్చాను. ఎక్కడో మలావీ సరస్సులో, 700 మీటర్ల లోతు దాకా ఉన్న నీళ్లలో, ఒడ్డు పక్క రాళ్ల సందుల్లో బతికే జాతులు. అంత సరస్సు వదిలేసి మీ అడుగున్నర లోతులో గెట్టు తగాదాలు పెట్టుకున్నాయి! వాటిలో ఆరాటస్ అనే జాతి మగచేపనే చూడండి. తెచ్చినప్పుడు పసుపు ఒంటి మీద నల్ల చారలతో ఎంత బుద్ధిగా ఉండేవాడు. నలుగురిని తరిమి లీడర్ అయ్యాడో లేదో, కండువా మార్చినట్టు పసుపు పోయి నల్లరంగుకి మారిపోయాడు. మూడు రాళ్ల గుహ కబ్జా చేసి, ఇసుక తోడి, హద్దులు కూడా పోశాడు. చెరువు కబ్జాలు కూలగొట్టే హైడ్రా 2024లోనే వచ్చింది కానీ మీ దాకా రాదు కదా. మీ ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) అంటే, అంచుకి రెండంగుళాల కింద నేను స్కెచ్‌పెన్‌తో గీసిన గీతే.

దీనికి షాపు అన్న చెప్పిన మందు: ఇంకో డజను చేపలు వెయ్యి, అప్పుడు దెబ్బలు ఒక్కడికే పడకుండా అందరికీ పంచుతాడు. కొన్నాను. నిజంగానే తగ్గింది, అదే నా బాధ.

నీళ్ల సంగతి ఇంకా బాగుంటుంది. మా గీజర్ కాయిల్‌ని తినేసి, బకెట్లకి తెల్లచారలు కట్టించి, మేం ఆర్‌వో పెట్టించుకుంటే తప్ప గొంతు దిగని బోరు నీళ్లు మీవాళ్లకి అమృతం. సున్నం ఉన్న గట్టి నీళ్లే కావాలట. పోనీ ప్రేమ ఎక్కువై బ్లడ్‌వార్మ్స్ అనే ఎర్ర పురుగులు పెడితే పొట్ట ఉబ్బి రెండు పోయాయి. రాళ్ల మీది పాచి గీక్కుతినే జాతికి నాన్‌వెజ్ పెట్టానట. పోయిన మేలో టేబుల్ ఫ్యాన్ మీ మీదికి తిప్పి, విసనకర్ర నేను తీసుకున్నాను, గుర్తుందా?

ఇన్ని తిట్టి కూడా మిమ్మల్ని అమ్మేయకపోవడానికి కారణం ఆ పసుపు ఆడచేప. గుడ్డు పెట్టిన మరుక్షణం నోట్లోకి తీసుకుంటుంది. మగచేప కింది రెక్క మీద గుడ్డులాంటి చుక్కలుంటాయి, వాటినీ ఏరుకోబోతుంది, గుడ్లు ఫలదీకరణ చెందే పని నోట్లోనే పూర్తవుతుంది. ఇక మూడు వారాలు తిండి బంద్. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మనుషులు చేప మందుకని బతికున్న కొర్రమీను పిల్లను నోట్లో వేసుకుంటారు. ఇక్కడ చేపే పిల్లల్ని నోట్లో పెట్టుకుంటుంది, కాకపోతే మింగదు. మా అమ్మ ఒక శుక్రవారం ఉపవాసానికే నీరసపడుతుంది, దీన్ని చూసి "తల్లీ, ఒక మెతుకన్నా తిను" అని అద్దం దగ్గర కూర్చుని బతిమాలింది.

పిల్లలు 23. అవి పెరిగి మళ్లీ పిల్లలు. చుట్టాలందరికీ స్టీలు డబ్బాల్లో పంచాను, ఇప్పుడు ఫోన్లు ఎత్తట్లేదు. (మీ దూరపు చుట్టం తిలాపియాకి ఈ టెన్షన్ లేదు, మార్కెట్లో కిలో లెక్కన పోతుంది.)

మొన్నాదివారం నీళ్లు మారుస్తుంటే "ట్యాంకుల నీళ్లన్నీ ఏడికి పోతున్నయ్?" అని ఓనర్ అంకుల్ అరుస్తూ పైకొచ్చాడు. సరిగ్గా అప్పుడే తల్లి నోరు తెరిచింది, పిల్లలు బయటికొచ్చాయి, ఆయన చెయ్యి చూపించగానే మళ్లీ లోపలికి దూరాయి. ఇరవై నిమిషాలు కదల్లేదు. కిందికెళ్తూ మనవడికని ఆరు పిల్లల్ని పట్టుకెళ్లాడు.

అద్దె రూపాయి తగ్గించలేదు. మోటారు రూమ్ తాళంచెవి మాత్రం నా చేతికిచ్చాడు.

ఇట్లు,
మీ బకెట్లు మోసేవాడు