కాలక్షేపం పుస్తకాలు

పోయిన నెల మన తెలుగు అసోసియేషన్ పుస్తకాల సమావేశంలో నేనొక అబద్ధమాడాను. "ఇప్పుడేం చదువుతున్నారు?" అని వరసగా అందరినీ అడుగుతూ వచ్చారు. ఒకరు ఏదో అంతర్జాతీయ బహుమతి వచ్చిన నవల పేరు చెప్పారు. ఇంకొకరిది చరిత్ర పుస్తకం, ఆరొందల పేజీలట. నా వంతు వచ్చేసరికి, రెండేళ్ల కిందట మొదలుపెట్టి ముప్ఫయ్యో పేజీ దగ్గర వదిలేసిన ఒక బరువైన నవల పేరు చెప్పేశాను. అందరూ తలూపారు. "చాలా గొప్ప నవలండీ" అన్నారెవరో. అవునన్నాను.

ఆ సాయంత్రం నా హ్యాండ్‌బ్యాగులో ఉన్న పుస్తకం అట్ట మీద ఒక పిల్లి ఉంది. పిల్లి వెనక చర్చి. చర్చి మెట్ల మీద ఒంటి చెప్పు. కథేమిటో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఆ అబద్ధం నన్ను వారం రోజులు తినేసింది. చిన్నప్పుడంటే పాఠ్యపుస్తకం మధ్యలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదివాం, దొరికితే వీపు విమానం మోతే. యాభై దాటాక, సొంత లైబ్రరీ కార్డు మీద తెచ్చుకున్న పుస్తకాన్ని బ్యాగులో దాచుకోవడమేంటి?

కాబట్టి ఇప్పుడు నిజం చెప్పేస్తాను. నేను చదివేవి రెండు రకాలు. ఒకటి, ఇక్కడి అమెరికా లైబ్రరీల్లో క్రిస్టియన్ ఫిక్షన్ అని విడిగా ఒక అలమరాలో పెట్టే నవలలు. రెండోది కోజీ మిస్టరీలు. కోజీలో హత్య జరుగుతుంది గానీ రక్తం కనపడదు. కూపీ లాగేది పోలీసులు కారు. పుస్తకాల షాపు నడిపే ఆవిడో, రిటైరైన టీచరో. ఊరు చిన్నది, అందరికీ అందరూ తెలుసు, హంతకుడూ ఆ అందరిలో ఒకడే. బూతులుండవు. పడగ్గది తలుపు దగ్గరికేసేస్తారు. క్రిస్టియన్ ఫిక్షన్‌లోనూ ఆ తలుపు వేసే ఉంటుంది. అక్కడ హత్య బదులు ఒక గాయం ఉంటుంది: పోయిన భర్త, ఇల్లొదిలి వెళ్లిన కొడుకు, ఏళ్ల తరబడి మాటల్లేని అక్కచెల్లెళ్లు. దేవుడి మీద కోపంతో మొదలైన మనిషి ఆయనతో రాజీ పడ్డాక పుస్తకం అయిపోతుంది.

నేను క్రైస్తవురాలిని కాను. ఆ అలమరా దగ్గరికి నన్ను తీసుకెళ్లింది భక్తి కూడా కాదు, నా చత్వారం. మీ లైబ్రరీలో పెద్దక్షరాల పుస్తకాల వరస ఒకసారి చూడండి. మా దగ్గరైతే సగానికి సగం ఈ రెండు రకాలే. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వెళ్లిన రోజున చేతికందిన పుస్తకంతో మొదలైంది నా చదువు.

ఈ క్రైస్తవ నవలల వ్యాపారం నేననుకున్నదానికంటే చాలా పెద్దది. 1979లో జానెట్ ఓక్ అనే కెనడా రచయిత్రి రాసిన "లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ" అనే నవలను మిన్నెసోటాలోని బెథనీ హౌస్ అచ్చువేసింది. పడమటికి బండి కట్టుకుని వెళ్తున్న దారిలో ఒకమ్మాయి భర్త చనిపోతాడు. పసిబిడ్డతో మిగిలిపోయిన ఒక రైతు, పిల్లకి తల్లి కావాలి కాబట్టి పెళ్లి చేసుకుంటావా అని ఆమెనడుగుతాడు. అంతే కథ. అది అంతలా అమ్ముడుపోయాక, ఇలాంటి వాటికోసం ఎదురుచూసే పాఠకులు ఉన్నారని ప్రచురణకర్తలకు తెలిసొచ్చింది. 1997లో బెవర్లీ లూయిస్ పెన్సిల్వేనియాలో పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ అనే క్రైస్తవుల గురించి రాసిన నవలతో టోపీ పెట్టుకున్న అమ్మాయి బొమ్మల అట్టలు వరద కట్టాయి. 1999లో ఈ సాహిత్యానికంటూ క్రిస్టీ అవార్డులు పెట్టారు (అగథా క్రిస్టీతో సంబంధం లేదు). బైబిళ్లు వేసే జోండర్వాన్, థామస్ నెల్సన్ సంస్థలు రెండూ ఇప్పుడు హార్పర్‌కాలిన్స్ చేతిలో ఉన్నాయి. అగథా క్రిస్టీ హత్యలు అచ్చువేసేదీ ఆ హార్పర్‌కాలిన్సే. నా రెండు పిచ్చిలకూ యజమాని ఒకడే అని తెలిసినప్పుడు కాస్త నవ్వొచ్చింది.

ఈ రెండిటి చుట్టరికం డబ్బుతో వచ్చింది కాదు, అంతకంటే పాతది. ఇంగ్లీషు డిటెక్టివ్ కథ బాల్యమంతా చర్చి ఆవరణలోనే గడిచింది. జి.కె. చెస్టర్‌టన్ 1910లో ఫాదర్ బ్రౌన్ అనే పొట్టి ఫాదరీని డిటెక్టివ్‌గా పెట్టి మొదటి కథ రాశాడు. అందులో ఒక దొంగ ఫాదరీ వేషంలో వస్తాడు. అసలు ఫాదరీ వాణ్ణి పట్టేసింది వేలిముద్రలతో కాదు. దైవం గురించి మాట్లాడుతూ వాడు మనిషి తర్కాన్ని తక్కువ చేశాడు. నిజమైన ఫాదరీ ఎవడూ అలా అనడని ఈయన లెక్క. (ఇన్నేళ్ల తర్వాత కూడా ఇది సస్పెన్స్ చెప్పేయడమే అంటారా? క్షమించండి.) అగథా క్రిస్టీ సృష్టించిన ముసలావిడ డిటెక్టివ్ మిస్ మార్పుల్ మొదటి నవల 1930లో వస్తే, అందులో శవం దొరికేది చర్చి పాస్టరుగారి చదువుకునే గదిలో. కథ చెప్పేదీ ఆయనే.

వీళ్లందరిలో నాకిష్టమైనవాడు రోనాల్డ్ నాక్స్. బిషప్ కొడుకు, తర్వాత కేథలిక్కుల్లో కలిసి ప్రీస్టయ్యాడు, బైబిల్ మొత్తాన్ని ఒంటిచేత్తో ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆయనే 1929లో డిటెక్టివ్ కథలు రాసేవాళ్లకి పది నియమాలు పెట్టాడు, పది ఆజ్ఞల వరసలో. రహస్య గదులు ఒకటికి మించి ఉండకూడదు, డిటెక్టివే నేరం చేయకూడదు, ఇలా. వాటిలో ఒకటి: కథలో మానవాతీత శక్తులు అసలుండకూడదు. రోజూ పొద్దున పూజ చేసే మనిషి, కథలో మాత్రం దేవుడికి ప్రవేశం లేదన్నాడు! ఆలోచిస్తే అందులో గొప్ప మర్యాద ఉంది. చిక్కుముడి విప్పడానికి దేవుణ్ణి పిలవడం పాఠకుణ్ణీ మోసం చేయడమే, దేవుణ్ణీ వాడుకోవడమే.

ఈ నియమం క్రైస్తవ నవలలు రాసేవాళ్లు కూడా గోడకి అంటించుకుంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. ఆ నవలలు పాడయ్యేది సరిగ్గా అక్కడే. రెండొందల పేజీల పాటు ఒక తల్లి కోపాన్ని ఎంతో నిజంగా చూపిస్తారు. రెండొందల పదో పేజీలో ఎవరో ఒక వాక్యం చదివి వినిపిస్తారు, ఆవిడ కళ్లు తుడుచుకుంటుంది, అంతా సర్దుకుంటుంది. అంత సుళువుగా పోయే కోపమైతే ఇన్ని పేజీలు ఎందుకు మోయించావమ్మా అనిపిస్తుంది. బాగా రాసేవాళ్లు అలా చేయరు. వాళ్ల నవలలో ఆ తల్లి క్షమించదు. పళ్లెం ఒకటి ఎక్కువ పెడుతుంది, అంతే. మిగతాది మనకొదిలేస్తారు. బోధన మర్చిపోయినప్పుడే ఆ నవల బాగుంటుంది.

కోజీలకున్న జబ్బు దీనికి తిరగేసి ఉంటుంది. వాళ్లు మరిచిపోకూడనిదాన్ని మరిచిపోతారు: చచ్చిపోయిన మనిషిని. ముందే అతన్ని ఊరంతా అసహ్యించుకునేవాడిగా తయారుచేస్తారు, పోతే ఎవరికీ బాధ కలగకుండా. పైన చెప్పిన 1930 నవలలోనే, తర్వాత శవమై దొరికే కల్నల్‌ని ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినట్టేనని పాస్టరుగారే భోజనాల దగ్గర నోరుజారతారు! ఇక టీవీలో "మర్డర్, షీ రోట్" 1984 నుంచి 1996 దాకా పన్నెండు సీజన్లు నడిచింది. మెయిన్ అనే రాష్ట్రంలో కథ జరిగే ఆ బుల్లి ఊరిలో అన్ని హత్యలు జరిగినా ఒక్క కుటుంబమూ ఇల్లమ్ముకుని వెళ్లిపోదు. నవ్వుకుంటూ చూస్తాం, సరే. నాకు మాత్రం గుర్తుండిపోయిన కోజీలన్నిటిలోనూ, విందూ వినోదాల మధ్య ఎక్కడో ఒకచోట, పోయినవాడి కోటు ఇంకా కొక్కేనికి వేలాడుతూ కనిపిస్తుంది.

"ఇవన్నీ ఒకేలా ఉంటాయి కదండీ, చివర తెలిసిపోతుంది" అంటారు. ఔను, తెలిసిపోతుంది. మన భాషలో దీనికి ఒక చక్కటి మాట ఉంది, కాలక్షేపం. దాన్ని ఇప్పుడు టైంపాస్ స్థాయికి దించేశాం గానీ, పురాణ కాలక్షేపం, హరికథా కాలక్షేపం అన్నది కూడా ఈ మాటతోనే. భక్తికీ పొద్దుపోవడానికీ మనవాళ్లు ఒకే మాట వాడారు, ఏ ఇబ్బందీ పడలేదు. ఆ వినేవాళ్లకి కథ ముందే తెలుసు. రావణుడు చస్తాడని తెలిసే కూర్చున్నారు. "ముగింపు ఊహించినట్టే ఉంది" అని మధ్యలో లేచి వెళ్లినవాళ్లు లేరు. తెలిసిన చోటికే తీసుకెళ్తున్నా, ఈసారి ఏ దారిన తీసుకెళ్తాడా అన్నదే సరదా.

పెద్ద పెద్దవాళ్లు కూడా దీనిమీద కొట్టుకున్నారు. 1945లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు న్యూయార్కర్ పత్రికలో డిటెక్టివ్ నవలలను చీల్చి చెండాడాడు. వెర్రితనంలోనూ చేసే కీడులోనూ ఈ వ్యసనం సిగరెట్టుకీ గళ్లనుడికట్టుకీ మధ్యలో ఎక్కడో ఉంటుందన్నాడు. మూడేళ్లకి కవి ఆడెన్ ఒక వ్యాసం రాశాడు. నాకిది సిగరెట్టూ మందూ లాంటి వ్యసనమేనని మొదటి వాక్యంలోనే ఒప్పేసుకున్నాడు. చేతిలో పని ఉన్నప్పుడు ఇలాంటి పుస్తకం దొరక్కుండా జాగ్రత్తపడాలట, మొదలుపెడితే అయ్యేదాకా పని చేయలేడట. పైగా కథ ఇంగ్లండ్ పల్లెటూళ్లో జరక్కపోతే చదవడానికే కష్టమట. అంత మహానుభావుడూ నాలాగే ఉన్నాడని తెలిశాక ఎంత ధైర్యమొచ్చిందో! ఆడెన్ క్రైస్తవుడు. ఆయన చెప్పిన కారణం కూడా అక్కణ్ణించే వచ్చింది. డిటెక్టివ్ కథ చదివేవాడి మనసులో ఒక అపరాధ భావన ఉంటుంది. బైబిల్లోని పాపమెరుగని ఏదెను తోటలాంటి ఊళ్లో ఒకడు తప్పుచేస్తాడు, అందరి మీదా అనుమానం పడుతుంది, చివరికి దోషి దొరికాక మిగతావాళ్లంతా కడిగినట్టు నిర్దోషులవుతారు. తోట మళ్లీ తోటవుతుంది. ఆ కాసేపు మనమూ ఆ తోటలో ఉంటాం.

ఆడెన్ అన్నది మొత్తం నాకు ఒప్పుదల కాదు. రాత్రి పదకొండింటికి నేను పుస్తకం తెరిచేది పాపభారంతో అని చెప్పలేను. పగలంతా ఈమెయిళ్లు, వీసా కాగితాల టెన్షన్, అక్కడి అమ్మానాన్నల ఆరోగ్యం గురించి అర్ధరాత్రి ఫోన్లు. వీటిలో ఏదీ ఆరోజుకి పూర్తవదు. పూర్తయ్యేదొకటి చేతిలో ఉంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. నాకు తెలిసినంతవరకు అంతకన్నా లోతేమీ లేదు.

అయితే అనుకోకుండా ఒక లాభం మాత్రం కలిగింది. నాన్న ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో మా ఆఫీసులో ఒకావిడ "మీ నాన్నగారి కోసం ప్రార్థన చేస్తున్నాం" అంటూ ఉండేది. థాంక్స్ చెప్పి వచ్చేసేదాన్ని. ఇక్కడ అందరూ అనే మాటే కదా, "టేక్ కేర్" లాగా, అనుకున్నాను. కొన్నాళ్లకి ఒక నవలలో, బుధవారం సాయంత్రం చర్చిలో పదిమంది కూర్చుని ఒక జాబితాలోంచి పేరు పేరునా చదివి ప్రార్థించే సన్నివేశం వచ్చింది. అలా నిజంగా జరుగుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. మర్నాడు ఆవిణ్ణి అడిగాను. నాన్న పేరు పదకొండు వారాలు వాళ్ల జాబితాలో ఉందట. పలకడం రాక చీటీ మీద ముక్కలు ముక్కలుగా రాసుకుని తీసుకెళ్లేదట. ఆ చీటీ ఇంకా ఆవిడ పర్సులోనే ఉంది. పదేళ్లుగా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి గురించి నేను తెలుసుకున్న మొదటి సంగతి అది.

ఈ నవలల్లో మనలాంటివాళ్లు కనపడరన్న ఫిర్యాదు ఉంది, అది న్యాయమైనదే. చాలావాటిలో ఊరంతా ఒకే రంగు. కోజీల్లో ఇది ఈమధ్య కాస్త మారుతోంది, ఆసియా కుటుంబాల చుట్టూ అల్లినవి వస్తున్నాయి. ఒక తెలుగావిడ అసోసియేషన్ సాంస్కృతిక కార్యక్రమాల మధ్యలో హత్య కూపీ లాగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అనుమానితులకి కొదవుండదు. మైకు వదలని వాళ్లే ఆరుగురు తేలతారు.

మేరీలాండ్‌లో ఏటా ఈ కోజీ అభిమానుల సభ ఒకటి జరుగుతుంది, 1989 నుంచి. అక్కడిచ్చే అవార్డు పేరు అగథా, ఆ జ్ఞాపిక ఒక టీపాట్. గంభీరమైన సాహిత్య బహుమతి టీపాట్ రూపంలో ఉండటమేంటని అనేవాళ్లు అనొచ్చు. నాకైతే ఎప్పటికైనా వెళ్లి చూడాలని ఉంది.

వచ్చే నెల సమావేశానికి అట్ట కనపడేలా పట్టుకొస్తాను. అదే పుస్తకం కాకపోవచ్చు, ఎందుకంటే పిల్లి పుస్తకం గురువారం తిరిగిచ్చేయాలి. నా వెనక పద్నాలుగు మంది హోల్డులో ఉన్నారు, రెన్యూ చేయనివ్వరు. ఇంకా నలభై పేజీలున్నాయి. పాస్టరుగారి తమ్ముడే చంపాడని ఊరంతా నమ్ముతోంది. నా అనుమానం ఆర్గన్ వాయించే ఆవిడ మీద. అంత్యక్రియల రోజున ఆవిడ చెప్పులు కొత్తవి.