అవ్వ వైపు నుంచి చూస్తే

అబద్ధాలాడే పిల్లలున్న కథలు పిల్లల్ని చెడగొడతాయని మీరు రాశారు. నేను ఒప్పుకోలేను సార్. తిరుపతిలో ఆరో తరగతికి తెలుగు చెబుతాను. మొన్న ఒక కథ చెప్పాను. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే అవ్వ. చిల్లర లెక్కలో మనవరాలు పది రూపాయల నోటు దాచేస్తుంది. కథంతా ఆ పిల్లే 'నేను' అంటూ చెబుతుంది. 'నోటు జారిపోయిందవ్వా' అంటూ పావడా అంచు మెలిపెడుతూ నిలబడుతుంది.

పిల్లలందరూ దాని పక్షమే! అప్పుడు అదే కథను అవ్వ చెబుతున్నట్టు రాయమన్నాను. ఒకడు రాశాడు: 'నాకు ముందే తెలుసు. అది పావడా మెలిపెడితే అబద్ధమే. అయినా అడగలేదు, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు పాపం.' చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది. ఆకలి సంగతి నేను చెప్పనేలేదు, వాడే పట్టుకున్నాడు.

'నేను' అని చెప్పే పాత్ర తనకు తెలిసిందీ, తను ఒప్పుకున్నదీ మాత్రమే చెబుతుంది. మిగతాది చేతుల్లో, చూపుల్లో దొరుకుతుంది. ముళ్లపూడి వెంకటరమణ రాసిన అల్లరి పిల్లాడు బుడుగు చెప్పేది వాడికి సీరియస్సే, నవ్వేది మనం. మన చిత్తూరు యాసలో నామిని రాసిన 'పచ్చనాకు సాక్షిగా'లోనూ పిల్లాడే చెబుతాడు, ఇంట్లోవాళ్ల కష్టం మనకు వాడి మాటల వెనక కనపడుతుంది.

పాత్ర మంచిదా చెడ్డదా అని మాత్రం క్లాసులో మొదట అడక్కండి సార్. ఎందుకలా చేసిందని అడగండి.