చీమ కుట్టినట్టు ఉంటాది, అంతే!

కర్నూల్లో మే నెల. కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడితే చెప్పులు తారుకు అతుక్కునే ఎండ. అట్లాంటి ఎండలో మా ఊరి పిల్లల ఆస్పత్రి ఒకటి మంచు కురిపించింది. రిబ్బన్ కత్తిరించి మరీ కురిపించింది. నేను కళ్లారా చూసినాను.

వీఆర్ హెడ్‌సెట్ అంట, అంటే కళ్లకు కట్టుకుంటే లేని లోకాన్ని ఉన్నట్టే చూపించే వర్చువల్ రియాలిటీ పెట్టె. పిల్లల కళ్లకు తగిలిస్తే సూది గుచ్చిన సంగతే తెలియదంట. నవ్వకండి, దీని వెనక నిజంగానే శాస్త్రముంది. 1996లో అమెరికాలోని సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు మొదలుపెట్టిన పని ఇది. ఒళ్లు కాలినవాళ్లకు కట్లు మార్చేటప్పుడు కళ్ల ముందు మంచులోయ పెట్టి, పెంగ్విన్ల మీదికి మంచు ఉండలు విసరమన్నారు. నొప్పి తెలియాలన్నా మనసు అటు ఉండాల కదా. మనసు పెంగ్విన్ల దగ్గరుంటే నొప్పికి దక్కేది తక్కువ. చందమామను చూపించి ముద్ద పెట్టే తల్లులకు ఇదేం కొత్త విద్య కాదు. అట్లని బ్రహ్మాస్త్రమూ కాదు. పిల్లల నొప్పి మీద జరిగిన ప్రయోగాలను 2020లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ వాళ్లు వడబోసి, ఆధారాలు ఇంకా బలంగా లేవన్నారు.

మా ఆస్పత్రిలో మాత్రం తొలి ప్రయోగమే దివ్యంగా జరిగింది. పేషెంటు ముఖ్య అతిథి. వయసు 60 దాటింది, ఏ సూదీ అవసరం లేదు. హెడ్‌సెట్ తగిలించగానే పెద్దాయన లేచి నిలబడి పెంగ్విన్లకు రెండు చేతులూ జోడించినాడు. గుంపు కనపడితే దండం పెట్టడం అలవాటు, పాపం. తర్వాత కుడిచెయ్యి ఊపి విసిరినాడు. ఉండ పెంగ్విన్‌కు తగిలిందో లేదో గానీ, చెయ్యి శాలువా పట్టుకొని నిలబడిన మేనేజర్ చెంపకు తగిలింది. చప్పట్లు. మేనేజరూ కొట్టినాడు. ‘అన్నా, ఇంకోటి ఎయ్యన్నా!’ అని వెనక నుంచి అనుచరులు. ఇంకోటి వేసినాడు. ఈసారి బొకే. ‘భలే చల్లగుందబ్బా’ అన్నాడు పెద్దాయన. ఏసీ 16లో ఉంది మరి! తీయబోతే తీయనీయలేదు. ఎనిమిది నిమిషాలు మంచులోనే ఉన్నాడు. ఆయనకు నొప్పి అసలు తెలియలేదని డాక్టరుగారు మైకులో ప్రకటించినారు.

పది రోజులకు మా తమ్ముని కూతురికి జ్వరం. అయిదేండ్ల పిల్ల. సెలైన్ ఎక్కించాలన్నారు. ‘సిస్టరమ్మా, ఆ కండ్లకు పెట్టేది...’ అన్నాను.

‘బీరువాలో ఉంది సార్. తాళం మేనేజర్ సార్ తాన ఉంది. సార్ నంద్యాలకు పోయినాడు.’

అద్దాల బీరువాకు వేసిన పూలదండ ఎండిపోయింది గానీ ఎవరూ తీయలేదు.

సరే, మన పాత టెక్నాలజీ ఉండనే ఉంది కదా. ఒకరు కాళ్లు, ఒకరు భుజాలు, ఒకరు తల, ఒకరు చెయ్యి. మొత్తం నలుగురు. చార్జింగ్ అక్కర్లేదు. ఇక సాఫ్ట్‌వేర్: ‘ఏం లేదమ్మా, చీమ కుట్టినట్టు ఉంటాది.’ నరం దొరకలేదు. రెండో చీమ. మూడో చీమ. ‘ఏడిస్తే పెద్ద సూదేస్తా’ అని ఒకామె. వాళ్లమ్మను బయట నిలబెట్టినారు, చూసి ఏడుస్తుందని.

ఏ చీమయ్యా అది? ఎవరిని కుట్టింది? చర్మాన్ని మొద్దుబార్చే క్రీము మందుల షాపుల్లో ఉంది. సూదికి గంట ముందు పూయాల, అంతే. ఆ గంట మా దగ్గర లేదా? గంటన్నర సేపు టోకెను పట్టుకొని మీ బెంచీ మీదే కూర్చున్నాం కదా! చేతిమీద ఇంత పూసి కూర్చోబెట్టి ఉంటే మీ సొమ్మేం పోయేది? తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకోనిచ్చి ఉంటే? ‘కొంచెం నొప్పి పుడుతుంది తల్లీ’ అని ఉన్నమాట చెప్పి ఉంటే? అయిదేండ్ల పిల్లను దొంగను పట్టుకున్నట్టు నలుగురు అదిమిపట్టి, పైగా అబద్ధం చెప్పి, కిందికి దిగినాక ‘గుడ్ గర్ల్’ అంటారు. సిగ్గుండాల.

బిల్లులో ‘చైల్డ్ కంఫర్ట్’ అని ఒక వరస ఉంది. అడిగితే, అది కంప్యూటర్‌లో దానంతటదే వస్తుందన్నారు.

జ్వరం తగ్గింది. ఇంటికొచ్చిన సాయంత్రం, గడప దగ్గర చక్కెర పలుకు మోసుకుపోతున్న చీమల బారు చూసి, ఆ పిల్ల కెవ్వుమని అరిచి మంచమెక్కి కూర్చుంది.