మడి కట్టుకున్న కాంటాక్ట్ లెన్సు గారికి

మహారాజశ్రీ కాంటాక్ట్ లెన్సు గారి సముఖానికి,

ముప్పై ఏళ్ళుగా మైనస్ 4.50 కళ్ళద్దాలు మోస్తున్న ఒక ముక్కు తరఫున రాసుకుంటున్న విన్నపం. ఇక్కడ అందరం క్షేమం. ముక్కు మీద పడిన రెండు గుంటలు కూడా క్షేమంగానే ఉన్నాయి.

మిమ్మల్ని మా ఇంటికి తెచ్చింది మా అమ్మాయి. "ఫోటోల్లో నీ కళ్ళు కనబడవమ్మా, రెండు ట్యూబులైట్లు కనబడతాయి" అంది. నిజమే. సాంబారు గిన్నె మూత తీయగానే లోకం మాయమవడం, వానలో స్కూటరు మీద చినుకుల సందుల్లోంచి దారి వెతుక్కోవడం, హెల్మెట్ పెట్టుకున్నాక చెవుల పక్కన కాడలు దూర్చలేక తంటాలు పడడం... వీటన్నిటికీ తెర పడుతుందని నేనూ ఆశపడ్డాను. కళ్ళు పరీక్షించినాయన లెన్సులకు మైనస్ 4.25 చాలన్నాడు. కళ్ళద్దం కంటికి కాస్త ఎడంగా ఉంటుంది, మీరు నేరుగా కంటిగుడ్డు మీదే కూర్చుంటారు కనుక ఆ పావు తగ్గుతుందట. అదంతా సగమే విని, నా చూపు బాగుపడిందని చుట్టాలందరికీ ఫోన్లు చేశాను.

మీరు గృహప్రవేశం చేశాక గాని తెలియలేదు, వచ్చింది లెన్సు కాదు, మడి కట్టుకున్న మా నాయనమ్మ అని.

మిమ్మల్ని ముట్టుకోవాలంటే సబ్బుతో చేతులు కడగాలి. కడిగిన చేతులకు తడి ఉండకూడదు. తుడిచిన తువ్వాలు నూగు రాల్చకూడదు. నాయనమ్మ బావినీళ్ళకైనా ఒప్పుకునేది. మీకు కుళాయి నీళ్ళు, వడపోసినవి, కాచి చల్లార్చినవి, ఏవీ పనికిరావు. నీళ్ళలో ఉండే అకాంథమీబా అనే సూక్ష్మజీవి మీ చాటున చేరి నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొరను (కార్నియాను) పుండు చేయగలదన్నారు. ఆ మాట విన్నాక నేను వాదించలేదు. మీ స్నానజలం సీసాల్లో వేరుగా కొనాలి, ఏ రోజుది ఆ రోజే పారబోయాలి, నిన్నటి దాంట్లో ఇవాళ్టిది కలపకూడదు. మూడు నెలలకోసారి మీ డబ్బా కూడా మార్చాలి.

ఇంత మడి పాటించే మీ పుట్టుక మాత్రం వంటింటి బల్ల మీద! 1961 క్రిస్మస్ రోజుల్లో ఓటో విక్టర్లె అనే చెక్ రసాయన శాస్త్రవేత్త, పిల్లలు బిగించి ఆడుకునే ఇనుపముక్కల సామానుకు సైకిల్ డైనమో తగిలించి, అచ్చులను గిరగిరా తిప్పుతూ మెత్తటి లెన్సులను పోత పోశారు. ఆ వంశం వారి ఒంట్లో దాదాపు 38 శాతం నీరే. అలాంటి మీకు ఇవాళ నా వంటింటి చెయ్యి పడదు.

పడదని పోయిన వేసవిలో ఆవకాయ కలిపిన రోజు రుజువైంది. చేతులు నాలుగుసార్లు కడుక్కున్నాను. రాత్రి మిమ్మల్ని తీయబోతే ఎడమకంట్లో గుంటూరు మిర్చియార్డు మొత్తం దిగింది. పోనీ తీయకుండానే పడుకుందామంటే అదీ కుదరదు. నల్లగుడ్డు మీది ఆ పొరకు రక్తనాళాలు లేవు, ప్రాణవాయువు చాలావరకు గాలిలోంచే అందాలి. మూసిన రెప్ప కింద మీరు కూడా అడ్డం పడుకుంటే దానికి ఊపిరాడదు. ఆ రాత్రి నేనెంత ఏడ్చానో మీకు తెలుసు, దగ్గరే ఉన్నారు కదా. (ఉల్లిపాయలు తరిగేటప్పుడు మాత్రం మీ పుణ్యమా అని కన్నీళ్ళు తగ్గాయి. చేసిన మేలు దాచను.)

ఇవన్నీ భరించాను. భరించలేనిది వేరే ఉంది.

దూరం కనబడని మాబోటివాళ్ళకు దేవుడిచ్చిన మాన్యం ఒకటుంది. కళ్ళద్దాలు తీసేసి జానెడు దూరంలో పెట్టుకుంటే ఎంత చిన్న అక్షరమైనా చదవగలం. నలభై దాటి చత్వారం వచ్చిన తోటికోడళ్ళు మాత్రల అట్ట మీది గడువు తేదీ చదవమని, సూదిలో దారం ఎక్కించమని నా దగ్గరికే వచ్చేవారు. ఆ ఇంట్లో నాకున్న ఏకైక పదవి అది. మీరు వచ్చి కూర్చున్నాక వీధి చివరి బస్సు నంబరు కనబడుతోంది, అరచేతిలోని మాత్ర కనబడడం లేదు. తీసి చూద్దామంటే మళ్ళీ సబ్బు, తువ్వాలు, సీసా! పరీక్షించినాయన దగ్గరికి వెళితే నా వయసు అడిగి, ప్లస్ 1.50 అద్దాలు రాసిచ్చాడు. చదివేటప్పుడు మీ పైన పెట్టుకోవాలట. కళ్ళద్దాలు వదిలించుకోవడానికి మిమ్మల్ని కొని, మీ కోసం కళ్ళద్దాలు కొన్నాను. అమ్మాయి ఫోటో తీసింది. ట్యూబులైట్లు తిరిగొచ్చాయి, ఈసారి కాస్త చిన్నవి.

ఈ ఉత్తరం పాత కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ముక్కు కాగితానికి ఆనించి రాస్తున్నాను. మీ వాళ్ళు ఇంకా రెండు జతలు బీరువాలో ఉన్నారు. వచ్చే ఏడాది దాకా గడువుందని నా కళ్ళతో నేనే చదువుకున్నాను. ఫాల్గుణంలో మేనకోడలి పెళ్ళి. తలంబ్రాల పూటకు కబురు పెడతాను. మండపంలో హోమం పొగ ఉంటుంది. మీ మడి మైలపడితే నా పూచీ లేదు.

ఇట్లు,
సాంబారు ఆవిరిలోంచి,
పదవి తిరిగి చేపట్టిన ఒక తోటికోడలు